టెస్టులన్నీ పాసయ్యాయి, కోడ్ మాత్రం తప్పు: ఏఐ రాసినదాన్ని మీరు ఎలా రివ్యూ చేస్తున్నారు?

ప్రశ్న: బ్యాకెండ్_రివ్యూయర్

మా టీమ్‌లో కోడ్ రివ్యూ పని చాలావరకు నా మీదే ఉంటుంది. ఇదివరకు ఒక పుల్ రిక్వెస్ట్ (అసలు కోడ్‌లో చేర్చమని పంపిన మార్పు) తెరిస్తే అందులో ఎక్కడ అనుమానపడాలో నాకు ఇట్టే తెలిసేది. రాసిన మనిషి తడబడిన చోట కోడ్ కూడా తడబడేది. వేరియబుల్ పేరు అస్పష్టంగా ఉండేది, ఫంక్షన్ అనవసరంగా సాగేది, ‘దీన్ని తర్వాత చూడాలి’ అని ఒక కామెంట్ కనిపించేది. కన్ను నేరుగా అక్కడికే వెళ్లేది. ఇప్పుడు వస్తున్న కోడ్‌లో ఆ ఆనవాళ్లు లేవు. తప్పు ఉన్న చోటా లేని చోటా ఒకటే నునుపు. పేర్లు చక్కగా ఉంటాయి, కామెంట్లు పొందికగా ఉంటాయి, టెస్టులు ఉంటాయి, అన్నీ పాసవుతాయి.

గత వారం వచ్చిన ఒకటి చెబుతాను. మా సర్వీసు మరో సర్వీసుకు ఆర్డర్లు పంపుతుంది. అప్పుడప్పుడు అటునుంచి టైమౌట్ వస్తోంది కాబట్టి మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు చేయాలన్నది పని. సహోద్యోగి ఒక ఏఐ అసిస్టెంట్‌తో రాయించి పంపారు. చూడటానికి ఏ వంకా పెట్టలేం. మూడుసార్లు ప్రయత్నిస్తుంది, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య విరామం రెట్టింపవుతుంది, క్లయింట్లన్నీ ఒకేసారి సర్వర్ మీద పడకుండా ఆ విరామాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతుంది కూడా. అయితే టైమౌట్ వచ్చిందంటే అవతల పని జరగలేదని కాదు. జవాబు మన దాకా రాలేదని మాత్రమే. అవతలి సర్వర్ ఆర్డర్‌ను నమోదు చేసుకుని, జవాబు పంపేలోగా మన గడువు ముగిసిపోయి ఉండవచ్చు. అప్పుడు రెండో ప్రయత్నం కాస్తా రెండో ఆర్డర్ అవుతుంది. ఒక్కో ఆర్డర్‌కు ఒక్కో కీ జతచేసి పంపితే, అదే కీ మళ్లీ వచ్చినప్పుడు అవతలి సర్వీసు కొత్త ఆర్డర్ సృష్టించదు. ఆ సౌకర్యం ఉంది. ఈ కోడ్ దాన్ని వాడలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది దానితోపాటు వచ్చిన టెస్టు. అవతలి సర్వీసు స్థానంలో ఒక మాక్ (ముందే రాసిపెట్టిన జవాబులిచ్చే నకిలీ) పెట్టారు. అది మొదటి రెండుసార్లు టైమౌట్ ఇస్తుంది, మూడోసారి విజయం చెబుతుంది. ‘ఫంక్షన్‌ను మూడుసార్లు పిలిచారా?’ అని టెస్టు సరిచూస్తుంది. పిలిచారు కాబట్టి పాసయింది. ఏది బగ్గో, దాన్నే సరైన ప్రవర్తన అని టెస్టు ధ్రువీకరించింది. ఏ ఊహతో కోడ్ పుట్టిందో అదే ఊహతో టెస్టు కూడా పుట్టింది. అలాంటప్పుడు ఆ టెస్టు దేనికి సాక్ష్యం?

ఇది రివ్యూలోనే దొరికింది, ప్రొడక్షన్ దాకా, అంటే వినియోగదారులు వాడే వ్యవస్థ దాకా, పోలేదు. కానీ దీన్ని పట్టుకోవడానికి నేను అక్కడ లేనిదాన్ని చూడాల్సి వచ్చింది. ఉన్న ప్రతి లైనూ సరిగ్గానే ఉంది. లేని లైనును వెతకడం చాలా అలసట కలిగించే పని, పైగా ఇప్పుడు రోజుకు వచ్చే కోడ్ పరిమాణం బాగా పెరిగింది.

నేను ఈ టూల్స్‌కు వ్యతిరేకిని కాను. కొత్త లైబ్రరీ పరిచయం చేసుకోవడానికి, పాత స్క్రిప్టులు అర్థం చేసుకోవడానికి నేనూ వాడతాను, నిజంగా ఉపయోగపడ్డాయి. మా టీమ్‌లో అందరూ వాడుతున్నారు. విడిగా అడిగితే మాత్రం ‘పూర్తిగా నమ్మను’ అని అందరూ అంటున్నారు. మరి నమ్మనిదాన్ని ఇంత వేగంగా మెర్జ్ చేస్తున్నామంటే (అసలు కోడ్‌లో కలిపేస్తున్నామంటే), సరిచూసే భారం ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగి చదవాలి అన్నది మీరు ఎలా తేల్చుకుంటున్నారు? ఏఐ రాసిన టెస్టులను మీరు లెక్కలోకి తీసుకుంటున్నారా?

సమాధానం: పాతకోడ్_మరమ్మతు

మీ ఉదాహరణలో లోపమంతా టూల్‌దేనని నేను ఒప్పుకోనండీ. ‘టైమౌట్ వస్తే మళ్లీ ప్రయత్నించు’ అని అడిగితే అది అదే రాసింది. ఆర్డర్ రెండుసార్లు నమోదు కాకూడదన్న షరతు మీకు తెలుసు, మీ సహోద్యోగికి తెలిసి ఉండవచ్చు, దానికి ఎవరూ చెప్పలేదు.

నా పని పాత కోడ్‌ను కొత్త వెర్షన్లకు మార్చడం. ఒక లైబ్రరీ తన ఫంక్షన్ల తీరు మార్చేస్తే వందల ఫైళ్లలో ఒకే తరహా సవరణ చేయాలి. మనిషి చేస్తే విసుగుతోనే తప్పులు దొర్లే పని అది. అక్కడ నాకు ఏఐ అసిస్టెంట్ ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. అది పొరబడితే, కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ వెంటనే పట్టుకుంటుంది, కాబట్టి నేను నిశ్చింతగా ఉంటాను. రాసిన వాళ్లెవరూ ఇప్పుడు సంస్థలో లేని ఒక మాడ్యూల్‌ను చదివి, ఏది ఎక్కడి నుంచి పిలవబడుతోందో అది వివరించింది. ఆ వివరణలో ప్రతి అంశాన్నీ కోడ్‌లో చూసి నిర్ధారించుకున్నాను, అయినా సమయం చాలా ఆదా అయింది.

నా సలహా: రిపాజిటరీలోనే (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోట) ఒక సూచనల ఫైలు పెట్టండి. ఈ టూల్స్‌లో చాలావాటికి అలాంటి ఫైలును చదివే ఏర్పాటు ఉంది. ‘కీ లేకుండా ఆర్డర్ సృష్టించే రిక్వెస్టును మళ్లీ పంపకూడదు’ అని అందులో ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ సమస్య వచ్చే అవకాశం బాగా తగ్గేది.

సమాధానం: టెస్టింగ్_విభాగం

అందరూ వాడటం, ఎవరూ నమ్మకపోవడం మీ టీమ్‌కే పరిమితం కాదు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2025లో జరిపిన డెవలపర్ సర్వేలో 84 శాతం మంది ఏఐ టూల్స్ వాడుతున్నామని లేదా వాడబోతున్నామని చెప్పారు. అదే సర్వేలో వాటి ఖచ్చితత్వాన్ని నమ్మేవారు 33 శాతం, నమ్మనివారు 46 శాతం. అంతకుముందు రెండేళ్లలో 70 శాతానికి పైగా ఉన్న సానుకూల అభిప్రాయం 60కి దిగింది. అన్నిటికన్నా ఎక్కువ మంది, అంటే 66 శాతం, చెప్పిన చిరాకు మీరు రాసిందే: దాదాపు సరిగ్గా ఉండి, పూర్తిగా సరికాని కోడ్. పూర్తిగా తప్పయిన కోడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అది రన్ కాదు, పారేస్తాం.

పైన పాతకోడ్_మరమ్మతు గారు చెప్పిన అనుభవాన్ని నేను పూర్తిగా నమ్ముతాను. కానీ ఆయన పనిలో ఒక ప్రత్యేకత ఉంది. తప్పు జరిగితే చెప్పడానికి అక్కడ ఏఐతో సంబంధం లేని ఒక సాక్షి ఉంది, అది కంపైలర్. మీ ఆర్డర్ల విషయంలో అలాంటి సాక్షి లేదు. ఉన్న ఒక్క టెస్టూ కోడ్ పక్షమే. నేను ఎక్కడ ఆగి చదవాలో తేల్చుకునేది ఈ ఒక్క కొలతతోనే. ఈ మార్పు తప్పయితే, దాన్ని రాసినవారికి సంబంధం లేకుండా ఎవరు పట్టుకుంటారు? టైప్ వ్యవస్థా, డేటాబేస్‌లోని నిబంధనా, ఇదివరకే ఉన్న పాత టెస్టులా? వీటిలో ఏదో ఒకటి ఉంటే త్వరగా చదివి వదిలేస్తాను. ఏదీ లేకపోతే ఎంత చిన్న మార్పయినా కూర్చుని చదువుతాను.

వేగం గురించి జరిగే వాదనలు కూడా ఇక్కడికే వస్తాయి. గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ కోడింగ్ అసిస్టెంట్ మీద 2022లో జరిగిన ప్రయోగంలో జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న హెచ్‌టీటీపీ సర్వర్ రాయమన్నారు. కోపైలట్ ఉన్నవారు దాదాపు 56 శాతం వేగంగా ముగించారు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లకు వారి సొంత ప్రాజెక్టుల్లోని 246 పనులు ఇచ్చి చూసింది. ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. మొదలుపెట్టే ముందు 24 శాతం సమయం తగ్గుతుందని వారు అంచనా వేశారు, పని ముగిశాక కూడా 20 శాతం తగ్గిందనే అనుకున్నారు. పాల్గొన్నది 16 మందే, వాడినవి 2025 మొదట్లోని టూల్స్, కాబట్టి ఆ అంకెను అన్ని చోట్లకూ అతికించను. అయినా రెండు ప్రయోగాలూ ఒకదాన్నొకటి ఖండించుకోవడం లేదు. ఒకదానిలో ఏం కావాలో ప్రశ్నలోనే మొత్తం రాసి ఉంది. రెండోదానిలో కావలసిన దానిలో సగం ఆ డెవలపర్ల బుర్రల్లోనే ఉంది, ఏళ్ల తరబడి పేరుకున్నది. మీ ఆర్డర్ల కీ అలాంటిదే.

వేగం పెరిగిందనే భావనను, అసలు వేగాన్ని వేరువేరుగా కొలవాలన్నది ఆ అధ్యయనం నుంచి నేను గట్టిగా పట్టుకున్న విషయం. మా దగ్గర ఒక పని మొదలైనప్పటి నుంచి మెర్జ్ అయ్యేదాకా పట్టే సమయం చూస్తాం, రివ్యూలో గడిచింది కూడా కలిపి.

ఇక టెస్టులు. ఏఐ రాసిన టెస్టులను నేను లెక్కలోకి తీసుకుంటాను, అయితే ఒక పరీక్ష పెట్టాక. కోడ్‌ను చేత్తో చెడగొడతాను. ఒక షరతును తిరగేస్తాను, ‘కంటే ఎక్కువ’ ఉన్నచోట ‘సమానం లేదా ఎక్కువ’ పెడతాను, ఒక లైను తీసేస్తాను. టెస్టులు అప్పుడూ పాసవుతుంటే అవి కోడ్‌ను చూడటం లేదని తేలిపోతుంది. దీన్ని యంత్రంతో చేయించేదే మ్యుటేషన్ టెస్టింగ్. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యూట్‌మట్ ఉన్నాయి. పెద్ద రిపాజిటరీ మొత్తం మీద నడిపితే చాలా సమయం తింటాయి. మారిన ఫైళ్ల మీద నడిపితే చాలు.

చెడగొట్టి చూసే పద్ధతి కూడా మీరు చెప్పిన ‘లేని లైను’ను పట్టదు. దానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే: కోడ్ రాయించక ముందే, ఏం జరగకూడదో మనిషి రాయాలి. ‘టైమౌట్ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా అవతల ఒక్క ఆర్డరే ఉండాలి’ అన్నది అలాంటి వాక్యం. దీన్ని టెస్టుగా మార్చే పని ఏఐకి ఇవ్వండి, బాగా చేస్తుంది. అప్పుడు మాక్ స్థానంలో ఆర్డర్లను గుర్తుంచుకునే ఒక చిన్న నకిలీ సర్వర్ కావాలి. మొదటి రిక్వెస్టును అది నమోదు చేసుకుని, జవాబు మాత్రం ఇవ్వకుండా ఉండిపోవాలి. చివర్లో దాని దగ్గర ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. మీ సహోద్యోగి కోడ్ ఆ టెస్టులో తప్పకుండా ఫెయిలయ్యేది.

ఇంకొక పోకడ గమనించండి. ఈ అసిస్టెంట్లు ఎక్సెప్షన్‌ను (నడుస్తుండగా ఎదురైన లోపాన్ని) పట్టుకుని ఖాళీ జాబితా వెనక్కి ఇచ్చే కోడ్‌ను తరచుగా రాస్తాయి. డేటాబేస్ అందకపోయినా యూజర్‌కు ‘రికార్డులు లేవు’ అని కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఆగిపోకపోవడం మంచిదే అనిపిస్తుంది గానీ, ‘లేవు’ అనడం వేరు, ‘చూడలేకపోయాను’ అనడం వేరు. ఆ ఖాళీ జాబితాను నమ్మి తర్వాతి అంచెలో ఎవరైనా ‘లేనివాటిని’ తుడిచేసే కోడ్ రాస్తే డేటా పోతుంది. రివ్యూలో ఎక్సెప్షన్లను పట్టుకునే ప్రతి చోటా నేను ఆగుతాను, మిగతాదంతా వేగంగా చదివినా సరే.

సమాధానం: మెయింటైనర్_గొంతు

భారం ఎవరి మీద పడుతోందని అడిగారు. చదివేవాళ్ల మీద. ఓపెన్ సోర్స్‌లో ఇది అందరికంటే ముందే బయటపడింది. నెట్ ద్వారా డేటా పంపడానికీ తెచ్చుకోవడానికీ వాడే కర్ల్ అనే టూల్ ప్రాజెక్టు సంగతే చూడండి. భద్రతా లోపాలు చూపిస్తే బహుమతి ఇచ్చే పథకానికి ఏఐతో రాయించిన ఉత్తుత్తి నివేదికలు వచ్చిపడ్డాయి. ప్రతిదాన్నీ ఎవరో ఒకరు చదివి, అది అబద్ధమని నిరూపించాలి. చివరికి 2026 జనవరితో ఆ పథకాన్నే ముగించారు. ఆ ప్రాజెక్టును నడిపే డేనియల్ స్టెన్‌బర్గే అంతకుముందు 2025లో, ఏఐ ఆధారిత టూల్స్‌తో ఒక పరిశోధకుడు వెతికి పంపిన లోపాల జాబితాను బహిరంగంగా మెచ్చుకున్నారు. రెండు చోట్లా ఏఐ ఉంది. రెండోచోట పంపే ముందు విషయం తెలిసిన మనిషి జల్లెడ పట్టాడు. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే ఇంకా కఠినంగా వ్యవహరించాయి. మొదటిది ఏఐ సాయంతో రాసిన కోడ్‌ను నిషేధించింది, రెండోది ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకోనంది. అంత దూరం వెళ్లాలని నేను అనను, కానీ వారి విసుగు నాకు అర్థమవుతుంది.

డిపెండెన్సీల (మన కోడ్ ఆధారపడే బయటి ప్యాకేజీల) విషయం కూడా మీ జాబితాలో చేర్చుకోండి. 16 మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయించి చూసిన ఒక అధ్యయనంలో, అసలు లేని ప్యాకేజీల పేర్లు వాణిజ్య మోడళ్లలో సగటున కనీసం 5.2 శాతం, ఓపెన్ సోర్స్ మోడళ్లలో 21.7 శాతం తేలాయి. మళ్లీ అడిగితే అదే కల్పిత పేరు తిరిగి రావడం కూడా అందులో తరచుగా కనిపించింది. అసలు ప్రమాదం అదే. దుర్బుద్ధి ఉన్నవాళ్లు ఆ పేరుతో ముందే ఒక ప్యాకేజీ పెట్టి ఉంచితే, మన ఇన్‌స్టాల్ ఆదేశం ఏ లోపమూ చూపకుండా నడిచిపోతుంది. కొత్త ప్యాకేజీ ఏదైనా చేరితే మా ప్రాజెక్టులో బిల్డ్ ఆగిపోతుంది, ఒక మనిషి చూసి ఒప్పుకున్నాకే కదులుతుంది.

బ్యాకెండ్_రివ్యూయర్ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. చెడగొట్టి చూడమన్న సలహాను వెంటనే అమలు చేశాను. ఈమధ్యే మెర్జ్ అయిన, టెస్టులు పుష్కలంగా ఉన్న ఒక మాడ్యూల్ తీసుకున్నాను. గడువు దాటిన టోకెన్లను (లోపలికి అనుమతించే గుర్తులను) తిరస్కరించే షరతును తిరగేశాను. అంటే గడువు దాటినవి లోపలికి వస్తాయి, చెల్లేవి తిరస్కరణకు గురవుతాయి. ఒక్క టెస్టు కూడా ఫెయిల్ కాలేదు. తెరిచి చూస్తే గడువు చూసే ఫంక్షన్‌నే మాక్ చేసి పెట్టారు, టోకెన్లను పరీక్షించే ప్రతి టెస్టులోనూ. కవరేజీ రిపోర్టు (టెస్టులు కోడ్‌లో ఎన్ని లైన్లను నడిపాయో చెప్పేది) మాత్రం ఆ ఫైలు మొత్తానికి కళకళలాడుతోంది, ఎందుకంటే ఆ ఫంక్షన్‌ను వేరే సందర్భంలో ఏ ఫలితమూ సరిచూడకుండా ఒకసారి పిలిచారు. కవరేజీ అంకె చూసి రివ్యూ త్వరగా ముగించే అలవాటును ఈ రోజుతో మా టీమ్‌లో ఆపిస్తున్నాను.

పాతకోడ్_మరమ్మతు గారూ, సూచనల ఫైలు పెడతాం, కానీ దాని మీద నాకున్న సందేహం చెబుతాను. మనకు తెలిసిన ప్రమాదాలే అందులోకి ఎక్కుతాయి. కీ గురించి ఇవాళ రాయగలుగుతున్నానంటే అది ఇప్పటికే ఎదురైంది కాబట్టి. పైగా ఫైలులో రాసి ఉన్నంత మాత్రాన టూల్ ప్రతిసారీ పాటిస్తుందన్న హామీ లేదు. అది మొదటి కాపలాగా బాగుంటుంది, చివరి కాపలాగా పనికిరాదు.

ఇంకొక ప్రశ్న మిగిలింది. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. టైమౌట్ అనగానే ‘అవతల పని జరిగిపోయి ఉంటే?’ అని నాకు తట్టడానికి కారణం, అటువంటి వ్యవస్థల లాగ్‌లు (ఎప్పుడు ఏం జరిగిందో తెలిపే నమోదులు) చదువుతూ గడిపిన ఏళ్లు. ఇప్పుడు కొత్తగా చేరినవారు నునుపైన కోడ్‌తోనే మొదలుపెడుతున్నారు. వారికి ఆ అనుమానం ఎలా అలవడుతుంది? చాలా తెలివైనవారు, కష్టపడతారు. నేర్చుకునే దారి మనం మూసేస్తున్నామేమో అని నా బెంగ.

టెస్టింగ్_విభాగం

మీ బెంగ సరైనదే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో చేసిన ఒక అధ్యయనంలో, ఏఐ అసిస్టెంట్ వాడినవారు తక్కువ భద్రమైన కోడ్ రాశారు, అయినా తమ కోడ్ భద్రంగా ఉందని ఎక్కువగా నమ్మారు. అసిస్టెంట్‌ను తక్కువగా నమ్మి, అడిగే తీరు మార్చుకుంటూ పోయినవారి కోడ్‌లో లోపాలు తక్కువగా ఉన్నాయి. అనుమానం అక్కరకొచ్చే నైపుణ్యమే అన్నమాట, కాబట్టి నేర్పవచ్చు.

మేము చేస్తున్నది చెబుతాను. కొత్తవారికి కోడ్ రాసే పని ఇచ్చినప్పుడు ఏఐ వాడుకోమనే చెబుతాం. కానీ ‘ఏం జరగకూడదు’ అన్న జాబితా మాత్రం వారు సొంతంగా, టూల్ తెరవక ముందే రాయాలి. ఒక అనుభవజ్ఞుడు దానికి రెండు మూడు అంశాలు కలుపుతాడు, ఎందుకు కలిపాడో పక్కన కూర్చుని చెబుతాడు. పాత వైఫల్యాల నివేదికలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఇచ్చి, కారణం రాసిన పేజీ దాచేసి, లాగ్‌లు మాత్రమే చూసి ఏం జరిగిందో చెప్పమంటాం. ఈ పనికి ఏఐ వాడనివ్వం. మొదట్లో కష్టంగా ఉంటుంది. కొన్నాళ్లకు రివ్యూల్లో వారు అడిగే ప్రశ్నలు మారతాయి. ‘ఈ ఫంక్షన్ ఏం చేస్తుంది?’ అని అడిగినవారు ‘ఇది సగంలో ఆగిపోతే డేటాబేస్ ఏ స్థితిలో ఉంటుంది?’ అని అడుగుతారు.

మీ టైమౌట్ ఉదంతం ఇందుకు చక్కగా సరిపోతుంది. కోడ్‌నూ, పాసయిన ఆ టెస్టునూ యథాతథంగా కొత్తవారి ముందు పెట్టి, ‘దీన్ని మెర్జ్ చేస్తారా?’ అని అడగండి. రాసిన వారి పేరు తీసేసి పెట్టండి, వారు నొచ్చుకోకూడదు.

పాతకోడ్_మరమ్మతు

సూచనల ఫైలు చివరి కాపలా కాదన్నది ఒప్పుకుంటున్నాను. టోకెన్ల ఉదాహరణ చదివాక నేను కూడా మా మైగ్రేషన్ టెస్టుల మీద స్ట్రైకర్ నడపడం మొదలుపెట్టాను, మారిన ఫైళ్ల వరకే. ఇంకా నడుస్తోంది. ఫలితాలు వచ్చాక ఇక్కడే రాస్తాను.